తాళం తాత, ఆరు లివర్ల కప్ప

మా పెద్దనాన్న తాళాల మేస్త్రీ. నలభై రెండేళ్లుగా అదే పని. ఇన్నేళ్లలో మారుతాళం లేకుండా ఆయన చేతి నుంచి ఒక్క తాళం కూడా బయటికి పోలేదు. ఒక తాళంచెవి చేసిపెట్టమని వెళ్తే రెండు చేస్తాడు. ఒకటి చాలంటే వినడు. "ఒక్కటే ఉంటే పోతుందమ్మా. రెండుంటే ఏదీ పోదు" అంటాడు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు దీని మీద వాదించాను. రెండుంటే ఏదో ఒకటి పోయే అవకాశం ఇంకా ఎక్కువ కదా అన్నాను. ఆయన ఆకురాయి ఆపకుండా, "నీ లెక్క కరెక్టే. కానీ పోదు" అన్నాడు. అప్పట్నుంచీ మా ఇద్దరి వాదనలన్నీ ఈ తీరుగానే ముగుస్తున్నాయి. ఆయన తుపాకీ గురించి వీధిలో తలా ఒక మాట అనుకుంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద వీధివైపు గది ఆయన కొట్టు. ఒక బల్ల, తాళంచెవిని కదలకుండా పట్టుకోడానికి దానికి బిగించిన వైసు, గోడ నిండా మేకులు, మేకుకో తాళంచెవి. ఇనప రజను ఎంత ఊడ్చినా పోదు, పెద్దమ్మ చీర కుచ్చిళ్లలో కూడా మెరుస్తుంటుంది. కొట్టు వెనక రెండు గదుల్లో వాళ్లిద్దరూ ఉంటారు. పైన నేను, మా ఆయన, మూడేళ్ల మా అమ్మాయి. నేను కుళాయి నీళ్లు పరీక్షించే లేబొరేటరీలో పనిచేస్తాను. నేను తిరిగొచ్చేదాకా పిల్ల కిందే ఉంటుంది. ఈ ఏర్పాటు లేకపోతే నాకు ఉద్యోగం లేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. తర్వాత కథలో నేను నోరు మూసుకున్న ప్రతిసారీ కారణం ఇదే.

నాకు భయస్తురాలినని పేరు. బల్లల మూలలకి స్పాంజి ముక్కలు అంటించాను. ద్రాక్షపండు నాలుగు ముక్కలు చేసి గానీ పెట్టను. మా ఇంట్లో అగ్గిపెట్టె ఎంత భద్రంగా ఉంటుందంటే, ఒక్కోసారి నాకే దొరకదు. "మీ అమ్మాయి ఈ పిల్లకి గాలి కూడా వడగట్టి ఇచ్చేట్టుంది" అని పెద్దనాన్న పెద్దమ్మతో అంటాడు, నాకు వినపడేటట్టు.

పిల్లకి ఆయన ఇచ్చిన ఆటబొమ్మ ఒక ఇనప రింగు, దాని నిండా పనికిరాని తాళంచెవులు. ఇత్తడిలో సీసం కలుస్తుందని నేను ఇత్తడివన్నీ ఏరేశాను. మిగిలినవి తోమి లెక్కపెట్టాను. నలభై. వాటితో పాటు పది పాత తాళం కప్పలు కూడా ఇచ్చాడు. పిల్ల దృష్టిలో అవి నిజంగా కప్పలే. తాళంచెవి దూర్చడమంటే కప్పకి అన్నం పెట్టడం. "తినకపోతే బలవంతం చెయ్యకూడదు తల్లీ. అది దానికి నచ్చలేదన్నమాట. ఇంకోటి పెట్టు" అని నేర్పాడు. పిల్ల అలాగే చేసేది. ఒకటి పట్టకపోతే రెండోది, రెండోది పట్టకపోతే మూడోది, విసుగూ విరామం లేకుండా. మా లేబొరేటరీలో కొత్తగా చేరినవాళ్లలో సగంమందికి ఆ ఓపిక లేదు. ఎప్పుడైనా ఒకటి తెరుచుకుంటే, "కప్ప నోరు తెరిచింది" అని ఇల్లంతా తిరిగి చూపించేది. ఆయన్ని తాళం తాత అని పిలిచేది. నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు?

తుపాకీ ఊరికే రాలేదు. పిల్లకి ఆరు నెలలప్పుడు, మిట్టమధ్యాహ్నం ఇద్దరు మనుషులు కారులో వచ్చి, ఇంటి తాళంచెవి పోయింది రమ్మన్నారు. ఆయనకది రోజూ ఉండే పనే. పనిముట్ల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. కారు మలుపు తిరిగాక కత్తి తీసి పక్కటెముకలకి ఆనించారు. రెండు వీధుల అవతల, రిటైరైన పంతులమ్మ ఒకావిడ ఒంటరిగా ఉండేది. ఆ తలుపు తియ్యమన్నారు. దానికి తాళం బిగించింది పెద్దనాన్నే. గట్టిగా బిగించాడు, అందుకే తియ్యడానికి ఆయనకి కూడా పదకొండు నిమిషాలు పట్టింది. లోపల ఆవిడ పడుకుని ఉంది. ఆవిణ్ని కట్టేసి, ఉన్నది ఊడ్చుకుని పోయారు. ప్రాణానికేం కాలేదు. వాళ్లు ఇప్పటికీ దొరకలేదు.

పోలీసులు పెద్దనాన్నని ఒక పూట కూర్చోబెట్టి పంపేశారు. పంతులమ్మ ఆయన్ని నిందించలేదు, ఉన్నమాట చెప్పింది అంతే: తలుపు తీసింది తాళాలాయన అని. తర్వాత కూతురి దగ్గరికి వెళ్లిపోతూ ఇంటి తాళంచెవులు ఈయన చేతికే ఇచ్చింది, అద్దెకి ఎవరైనా వస్తే చూపించమని. అవి కొట్లో ఒక మేకుకి వేలాడుతుంటాయి. ఆయన అటు చూడడు. ఆ నెలంతా కొట్టు తెరవలేదు. తెరిచిన రోజు ఆయన చేసిన మొదటి పని, తుపాకీ లైసెన్సుకి దరఖాస్తు పెట్టడం.

ఏడాది తిరిగేసరికి లైసెన్సు వచ్చింది. చేతిలో ఇమిడే రివాల్వరు. మేం చూడటానికి కిందికి వెళ్లినప్పుడు, బల్ల మీద గుడ్డ పరిచి, కొత్త పనిముట్టు చూపించినట్టు చూపించాడు. "ఆ రోజు ఇది నా సంచిలో ఉండుంటే" అన్నాడు.

ఉంటే ఏం చేసేవాడివని అడిగాను. కత్తి పక్కటెముకల మీదుంది, సంచి కాళ్ల దగ్గరుంది, వంగి జిప్పు లాగుతుంటే వాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారా అన్నాను. ఆయన గుడ్డ నాలుగు మడతలు పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. పెద్దమ్మ నన్ను చూసిన చూపుకి, ఆ ప్రశ్న నేను మళ్లీ అడగలేదు.

మర్నాడు గోడకి బోర్డు వచ్చింది. 'ఇచ్చట తాళాలు బాగుచేయబడును' అన్న పాత బోర్డు కిందే, 'తుపాకీ కలదు' అని. విడిగా పెట్టమని మా ఆయన చెప్పాడు. వినలేదు. వారం తిరక్కుండానే ఎవరో పెద్దమనిషి గాలితుపాకీ చంకన పెట్టుకొచ్చి స్ప్రింగు మార్చమన్నాడు. పెద్దనాన్న మార్చాడు కూడా.

ఆ తుపాకీ వల్ల మా వీధిలో నేరాలు తగ్గాయని పెద్దనాన్న వాదన. మాకు తెలిసి అది ఆపింది ఒక్కణ్నే, కరెంటు మీటరు చూసేవాణ్ని. అతను ఎప్పట్లాగే పెరటి గేటు తీసుకుని వస్తే, పెద్దనాన్న వంటింటి కిటికీలోంచి రివాల్వరు చూపించి ఎవరు నువ్వన్నాడు. పదేళ్లుగా నెలనెలా చూస్తున్న మనిషిని. పాపం చేతిలో రీడింగుల పుస్తకం అక్కడే పడేసి పోయాడు. ఆ తర్వాత మా వీధి మీటర్లు చూడ్డానికి ఎవరూ రాలేదు, ఆఫీసులో కూర్చుని అందాజుగా వేస్తున్నారు. వీధివాళ్లు వచ్చి గొడవ పడితే, "పెరటి గేటులోంచి ఎందుకు రావాలి?" అన్నాడు. మీటరు పెరట్లో ఉంది.

ఆయనతో వాదించకుండా ఉండాల్సింది. ఉండలేక, మా వైపు గస్తీ తిరిగే కానిస్టేబుల్ని అడిగి లెక్కలు తెచ్చాను. తుపాకీ రాకముందు ఏడాది చుట్టుపక్కల నాలుగు దొంగతనాలు, వచ్చాక ఏడాదిలో రెండు. ఆ కాగితం ఆయనకి చూపించడం నా తెలివితక్కువతనం.

"సగానికి సగం. నేను చెప్తే వినవు, నీ కాగితమే చెప్తోంది" అన్నాడు.

నాలుగు రెండయితే దాన్ని తగ్గడం అనరని, అంత చిన్న అంకెలు వాటంతటవే పైకీ కిందికీ ఊగుతాయని చెప్పాను. అదే ఏడాది వీధి దీపాలన్నీ మార్చారు. మూల మీద బేకరీ తెల్లవారకుండానే తెరవడం మొదలుపెట్టింది. వీటిలో దేనివల్ల తగ్గిందో ఎలా తేలుతుంది? తేలాలంటే ఇలాంటి వీధులు నూరు కావాలి, యాభైలో తుపాకులుండాలి, యాభైలో ఉండకూడదు అన్నాను. అసలు అంతకుముందు ఇన్నేళ్లూ తుపాకీ లేకుండానే మన ఇంటికి దొంగ రాలేదు కదా అని కూడా అన్నాను.

ఆయన వైసులో ఉన్న తాళంచెవిని తిప్పి బిగించాడు. "నీ నూరు వీధులు నువ్వు వెతుక్కో తల్లీ. నాకున్నది ఒక్క వీధే" అన్నాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా ఆయన పని మీద ఊరెళ్లినప్పుడు, సాయంత్రాలు మెట్ల దగ్గర ఏ చప్పుడైనా వినిపిస్తే, కింద తుపాకీ ఉందిలే అని నా గుండె కుదుటపడేది. నా చదువుకీ ఆ గుండెకీ పరిచయం లేనట్టుంది. ఆ చిరాకు ఎవరి మీద చూపాలో తెలియక మధ్యాహ్నం భోజన విరామాల్లో ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. పౌరుల చేతిలో ఆయుధముంటే దొంగ వెనకాడతాడని కొందరు, లేదు, ఇంట్లోవాళ్లకే ఎక్కువ ముప్పని కొందరు. ఒకరి లెక్కల్లో ఇంకొకరు తప్పులు పట్టారు. చదివేకొద్దీ తల వాచింది తప్ప తేలిందేమీ లేదు. పసిపిల్లలున్న ఇంట్లో తుపాకీ ఖాళీగా, తాళంలో ఉండాలి, తూటాలు వేరేచోట ఉండాలి అన్నచోట మాత్రం ఎవరికీ తగాదా కనబడలేదు.

మా తుపాకీ బీరువా మీద, మడతపెట్టిన దుప్పటి కింద ఉండేది. ఒకరోజు పిల్ల బీరువా దగ్గరికి స్టూలు జరుపుతోంది. ఎందుకే అంటే, దుప్పటి కావాలంది. ఆ రోజు మొదటిసారి నేను పెద్దనాన్న ముందు గొంతు పెంచాను.

ఆయన నొచ్చుకోలేదు. పైగా హుషారు వచ్చింది, తాళం పని కదా. మూడు వారాలు కూర్చుని ఇనప పెట్టె చేశాడు. దొంగ ఎత్తుకుపోకుండా దాన్ని బీరువా పక్కన నేలకి బోల్టులతో బిగించాడు. పిల్ల మీద పడే ప్రమాదం ఉండదు కదా అని నేనూ సరేనన్నాను. దాని కోసమే, లోపల ఆరు మీటలూ ఒకేసారి లేస్తే తప్ప తెరుచుకోని ఆరు లివర్ల తాళం కప్ప ఒకటి చేశాడు. ఇలాంటిది తన జీవితంలో చెయ్యలేదని, తానైనా గంట లోపు తియ్యలేనని చెప్పాడు. తూటాలు వేరే గదిలో పెట్టమంటే మాత్రం ఒప్పుకోలేదు. "దొంగని కూర్చోబెట్టి, ఉండు బాబూ టీ తాగు, తూటాలు తెచ్చుకుంటా అనమంటావా?" అన్నాడు. చివరికి రాజీ కుదిరింది. తూటాలు అదే పెట్టెలో, రేకు డబ్బాలో. తుపాకీ ఖాళీగా. తాళంచెవి ఒక్కటే, అది ఆయన మెడలో.

"ఒక్కటే" అని రెండుసార్లు అనిపించాను.

"ఒక్కటేలేవే" అన్నాడు.

ఆయన్ని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదాన్ని, ఆ మాట ఎలా నమ్మానో.

ఒక శనివారం లేబొరేటరీలో కరెంటు పోయి, మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. కొట్లో ఆకురాయి చప్పుడవుతోంది. పెద్దమ్మ పెరట్లో ఆరిన బట్టలు తీస్తోంది. నడవలో అడుగుపెట్టేసరికి పిల్ల రెండు చేతులా ఏదో మోసుకుంటూ ఎదురొచ్చింది.

"అమ్మా, పెద్ద కప్ప నోరు తెరిచింది. పెట్టె మూత నాకు రావట్లేదు, బరువు. నువ్వు తియ్యి."

చేతుల్లో ఉన్నది ఆరు లివర్ల కప్ప.

పిల్లని ఎత్తుకున్నాననీ, పెద్దనాన్నని పిలిచాననీ తెలుసు, ఏమని పిలిచానో తెలియదు. ఆయన ఆకురాయి చేతిలో ఉండగానే వచ్చాడు. నా చేతిలోంచి తాళం తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీత కూడా పడలేదు. బలవంతం చెయ్యలేదు చూడు. ఆరు లివర్లే" అన్నాడు.

ఆయన ముఖంలో కనిపించింది గర్వం. అరనిమిషం నిజంగా గర్వపడ్డాడు. ఆ అరనిమిషాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

"ఏ చెవితో తీశావు తల్లీ?" అని అడిగాడు. పిల్ల రింగులో వెతికి ఒకటి పైకెత్తి చూపించింది. ఆయన చెయ్యి మెడలోని తాడు మీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది. అప్పుడు కూర్చున్నాడు, నేల మీదే.

నేను రింగు తీసుకుని లెక్కపెట్టాను. నలభై ఒకటి.

"ఒక్కటే ఉంటే పోతుందని..." అన్నాడు.

"పిల్ల ఆటబొమ్మలో దాచావా?"

"గోడ మీద పెడితే దొంగ వెతుకుతాడు. పరుపు కింద వెతుకుతాడు. చచ్చిన తాళంచెవులు నలభై ఉన్న గుత్తిలో ఏ దొంగ వెతుకుతాడే? జన్మలో దొరకదు."

నిజమే, దొంగకి జన్మలో దొరకదు. నలభై రెండేళ్లుగా ఆయన బుర్రలో కాపురమున్నది దొంగే. ఆ దొంగకి మూడేళ్ల వయసు, పొద్దంతా ఖాళీ, తినకపోతే ఇంకోటి పెట్టాలన్న శిక్షణ ఉండవు.

తుపాకీ ఖాళీగానే ఉంది కదా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి చొక్కాకి తుడవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ బట్టల మోపుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడ ఈ విషయంలో ఏడాదిన్నరగా నోరు విప్పలేదు. "తీసి చూపించండి" అంది.

నేను పిల్లని తీసుకుని వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. కాసేపటికి పెద్దమ్మ వచ్చి, చెయ్యి చాపి చూపించింది. ఐదు తూటాలు. రేకు డబ్బాలోవి కాదు, రివాల్వర్లోంచి తీసినవి.

సాయంత్రం ఆయన మెట్ల కింద నిలబడ్డాడు, పైకి రాలేదు. డబ్బా మూత తీసుకునే వ్యవధి ఉండదు కదా అని చెప్పబోయి మధ్యలోనే మానేశాడు. "సోమవారం పిల్లని పంపుతావా?" అని మాత్రం అడిగాడు.

"ఆ తుపాకీ ఇంట్లో ఉంటే పంపను."

సోమవారం నుంచి సెలవు పెట్టాను. ఇంకెన్ని రోజులు పెట్టగలనో, ఆ తర్వాత ఉద్యోగం గతేమిటో మా ఆయనా నేనూ లెక్క చూసుకున్నాం, ఇద్దరికీ నచ్చని జవాబే వచ్చింది. మెట్ల పైన నేను బిగించిన చిన్న గేటు పట్టుకుని పిల్ల "తాళం తాతా" అని కిందికి పిలిచేది. పిలిచిన ప్రతిసారీ కింద ఆకురాయి చప్పుడు ఆగేది. మళ్లీ మొదలవడానికి చాలాసేపు పట్టేది.

బుధవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచితో పైకొచ్చాడు. "పద, స్టేషనుకి. నువ్వు కళ్లారా చూస్తే తప్ప నమ్మవు" అన్నాడు.

స్టేషన్లో కాగితం రాసుకునే పోలీసాయన, ఎందుకు అప్పగిస్తున్నారని అడిగాడు. "మా మనవరాలు తాళం తీసింది" అన్నాడు పెద్దనాన్న. ఆ పోలీసాయన కాసేపు కలం పట్టుకుని ఆలోచించి, 'కుటుంబ కారణాలు' అని రాసుకున్నాడు.

తిరిగి నడిచొస్తుంటే పంతులమ్మ ఇల్లు దాటాలి. ఎప్పుడూ అవతలి పక్కకి మారిపోయే మనిషి, ఆ రోజు మారలేదు. తలుపు ముందు ఆగి, తాను బిగించిన తాళం వైపు చూశాడు.

"ఆ రోజు నా సంచిలో తుపాకీ ఉన్నా, నేను తలుపే తీసేవాణ్నేమో" అన్నాడు.

ఏడాదిన్నర క్రితం నేనడిగిన ప్రశ్నకి అది జవాబు. నెగ్గినట్టేమీ అనిపించలేదు. చేతిసంచి నేను పట్టుకుంటానన్నాను, ఇవ్వలేదు. ఖాళీ సంచి.

గురువారం నుంచి పిల్ల మళ్లీ కిందికి వెళ్తోంది. అంతకుముందు నేను ఇంట్లో ఉన్న ప్రతి తాళంలోనూ ఆ రింగులోని ప్రతి తాళంచెవీ పెట్టి చూశాను. స్టేషన్నుంచి రాగానే మొదలుపెడితే రాత్రి భోజనాల వేళ దాటింది. పెద్దనాన్న కొట్లోంచి చూస్తూ, నా మీద అంత నమ్మకం లేదా అన్నాడు. లేదన్నాను. ఇనప పెట్టె ఇప్పుడు నాది. బోల్టులు విప్పించి పైకి తెప్పించుకుని మందుసీసాలు, బాత్రూం కడిగే యాసిడ్ అందులో పెట్టాను. రింగులో దొరికిన తాళంచెవి విరగ్గొట్టించాను, మిగిలిన ఒక్కటీ నా మెడలో ఉంటుంది.

బోర్డు మాత్రం తియ్యనన్నాడు. తుపాకీ లేదన్న సంగతి దొంగకెలా తెలుస్తుంది, బోర్డు చూసే భయపడతాడు అన్నాడు. ఇది కాస్త ఆలోచించాల్సిన మాటేననిపించి నేను ఊరుకున్నాను. మొన్న మీటరు చూసేవాడు చాలాకాలానికి మా వీధిలోకి వచ్చి, గేటు బయటే నిలబడి, లోపలికి రావచ్చా అని కేకేశాడు. పెద్దనాన్న కొట్లోంచి లేచి, నాలుగిళ్లకి వినపడేటట్టు, "రావయ్యా, భయం లేదు. స్టేషన్లో ఇచ్చేశాను" అన్నాడు. బోర్డు కింద నిలబడే అన్నాడు.

నేను తలుపు వేసుకుని పైకి వచ్చేశాను. మెట్లెక్కుతుంటే కింద నుంచి వినబడింది.

"అమ్మాయ్, ఆ పెట్టెకి ఒక్క తాళంచెవే ఉంది. పోతే ఎలా?"